‘చూస్తాను’ అని రాయడం మానేయండి: ఒంటరిగా ప్రాజెక్టు నడుపుతున్న మెయింటైనర్‌కు నా సమాధానం

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెప్తాను. మూడేళ్ల క్రితం మీ సొంత అవసరం కోసం, డేటా ఫైళ్లను ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌కు మార్చే చిన్న టూల్ రాసుకున్నారు. నలుగురికీ పనికొస్తుందని, కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లో పెట్టారు. ఇప్పుడు 340 ఇష్యూలు, అంటే వాడుకరులు రాసిన ఫిర్యాదులు, విన్నపాలు, తెరిచి ఉన్నాయి. పోయిన వారం ఒకాయన "ఇంత చెత్త టూల్ ఎందుకు పెట్టారు, నా రెండు రోజులు వృథా అయ్యాయి" అని రాశాడు. అప్పటి నుంచి నోటిఫికేషన్ శబ్దం వింటేనే గుండె దడగా ఉంటోందన్నారు. "నాకు ఓపిక తక్కువా? వదిలేస్తే తప్పా?" అని అడిగారు. మధ్యలో ఇంకో మాట కూడా అన్నారు. పెద్ద ఫైళ్లు ఇస్తే చివరి వరుసలు మాయమవుతున్నాయని ఇద్దరు రాశారని, అది చూడ్డానికి ఇంకా కుదర్లేదని. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

నేను పదమూడేళ్లుగా ఒక బ్యాకప్ టూల్ నడుపుతున్నాను. జీతం లేదు, టీమ్ లేదు. ఉద్యోగం అయ్యాక రాత్రి మిగిలే గంటన్నర, శనివారం ఉదయం, అంతే. మీరు చెప్పిన దడ నాకూ రెండేళ్ల పాటు ఉండేది. అది ఓపిక తక్కువై వచ్చింది కాదు. మాట ఇవ్వని చోట కూడా మాట ఇచ్చినట్టు మోస్తున్నందువల్ల వచ్చింది. మీ పాత సమాధానాలు కొన్ని చదివాను. దాదాపు ప్రతి ఇష్యూ కింద "చూస్తాను", "వీలు చూసుకుని చేస్తాను" అని ఉంది. మీ బరువంతా అక్కడే ఉందని నా నమ్మకం. కానీ అంతకంటే ముందు, బయటివాళ్లకు కనబడని పని గురించి కొంచెం చెప్పాలి. అది చెప్పకపోతే మీ అలసటకు కారణం మీకే అర్థం కాదు.

"పని చేయడం లేదు" అని ఒక ఇష్యూ వస్తుంది. ఆ మూడు ముక్కలే. ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ కమాండ్ ఇచ్చారు అని మీరు అడుగుతారు. నాలుగు రోజుల తర్వాత ఒక స్క్రీన్‌షాట్ వస్తుంది, అందులో ఎర్రర్ మెసేజ్ సగం తెగిపోయి ఉంటుంది. మొత్తం టెక్స్ట్ పంపమంటారు. ఇంకో రెండు రోజులకు లాగ్ వస్తుంది, అది వేరే కంప్యూటర్‌లోది. మీ దగ్గర అలాంటి పరిస్థితి తయారుచేసుకోవడానికి వర్చువల్ మెషిన్ పెట్టి, పాత వెర్షన్ ఇన్‌స్టాల్ చేసి, ఒక సాయంత్రం గడుపుతారు. అంతా బాగానే నడుస్తుంది. చివరికి తేలేదేమిటంటే, వాళ్ల యాంటీవైరస్ ఆ ఫైల్‌ను పట్టుకుని వదలడం లేదు. "సరే, ఇప్పుడు వస్తోంది" అని రాసి ఆయన వెళ్లిపోతాడు. ఒక్కోసారి అదీ రాయడు.

ఇందులో మీ కోడ్ ఒక్క లైన్ కూడా మారలేదు. కమిట్ (కోడ్‌లో నమోదయ్యే మార్పు) లేదు, రిలీజ్ లేదు. వారం రోజులు, మొత్తం మూడు నాలుగు గంటలు, ఎక్కడా లెక్కకు రావు. ప్రాజెక్టు పేజీ చూసినవాళ్లకు "రెండు నెలలుగా కమిట్లు లేవు, దీన్ని పట్టించుకునేవాళ్లు లేరు" అనిపిస్తుంది. ఈ పనిలో నన్ను ఎక్కువగా కుంగదీసింది ఇదే, తిట్లు కాదు. పని చేసి అలసిపోతాం, చూపించడానికి ఏమీ ఉండదు. పైగా కోడ్ రాయాలంటే చెదరని సమయం కావాలి. గంటన్నరలో రెండు ఇష్యూలకు జవాబు రాస్తే, మిగిలిన ముప్పావు గంటలో బుర్ర కోడ్‌లోకి దిగదు. సపోర్ట్ తినేసేది ఆ ముప్పావు గంటను మాత్రమే కాదు, ఆ రాత్రి మొత్తాన్ని.

ఇక వాడుకరులు. వాళ్లు చెడ్డవాళ్లని నేను అనుకోను. చాలామందికి అవతల ఒక మనిషి ఉన్నాడన్న సంగతే తెలియదు. ఇంటర్నెట్‌లో డేటా పంపడానికి, తెచ్చుకోవడానికి వాడే కర్ల్ అనే ఉచిత టూల్‌ను రాసిన డేనియల్ స్టెన్‌బర్గ్‌కు కార్ల యజమానుల నుంచి ఈమెయిళ్లు వస్తుంటాయి, కారులోని స్క్రీన్ పనిచేయడం లేదు, సాయం చేయమని. కారణం, ఆ స్క్రీన్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడో కర్ల్ ఉంది. లైసెన్స్ ప్రకారం దాని కాపీరైట్ నోటీసు కూడా చూపించాలి. అందులో ఆయన ఈమెయిల్ అడ్రస్ ఉంది. కారు తయారీదారు దొరకడు, డీలర్ పలకడు, మెనూలన్నీ వెతికితే చివర్లో ఒక మనిషి అడ్రస్ కనిపిస్తుంది. ఆ కారు యజమాని స్థానంలో ఉంటే మనమైనా రాసేవాళ్లమేమో. మీ టూల్‌ను తిట్టిన ఆయనకూ వెనక ఒక మేనేజర్, ఒక గడువు, ఒక టెన్షన్ ఉండి ఉంటాయి. ఆ గొలుసులో ఉన్నవాళ్లలో పేరుతో దొరికింది మీరొక్కరే.

అందుకని నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. మొదటిసారి కటువుగా రాస్తే ఆ స్వరాన్ని పక్కనపెట్టి సమస్యకే జవాబిస్తాను. సగం మంది రెండో మాటకే మెత్తబడి క్షమాపణ చెప్పారు. ఒకతను నన్ను చాలా ఘోరంగా తిట్టాడు. రెండు రోజుల తర్వాత, పోయాయనుకున్న ఫైళ్లు దొరికాక, అవి తన నాలుగేళ్ల పరిశోధన తాలూకు డేటా అని రాశాడు. రెండోసారి కూడా అలాగే రాస్తే మాత్రం "ఈ భాషలో అయితే నేను జవాబివ్వను" అని ఒక్క వాక్యం రాసి ఆపేస్తాను. బెదిరింపులు వేరే సంగతి. 2021లో స్టెన్‌బర్గ్‌కు చంపుతానని ఈమెయిల్ వచ్చింది. అలాంటిది మీకు వస్తే జవాబు రాయొద్దు, సముదాయించొద్దు. భద్రపరచండి, బ్లాక్ చేయండి, వేదిక నిర్వాహకులకు చెప్పండి, అవసరమైతే పోలీసులకు ఇవ్వండి. ఉచితంగా సాఫ్ట్‌వేర్ ఇచ్చినందుకు దాన్ని భరించాల్సిన బాధ్యత ఎవరికీ లేదు.

ఇప్పుడు ‘చూస్తాను’ దగ్గరికి వద్దాం.

మనకు మొహమాటం ఎక్కువ. ఎవరైనా అడిగితే మొహం మీద కాదనలేం. ‘చూస్తాను’ అంటాం. ఎదురుగా కూర్చుని మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఆ మాటకు అర్థం గొంతును బట్టి తెలిసిపోతుంది. చేస్తాడో చెయ్యడో వినేవాళ్లకు అర్థమవుతుంది. అదే మాట ఇష్యూ కింద ఇంగ్లిష్‌లో రాస్తే, ప్రపంచంలో ఏ మూలో చదివే మనిషికి గొంతు వినబడదు. అది అచ్చంగా ఒప్పుకోలు అనుకుంటాడు. ఎదురుచూస్తాడు. మూడు వారాలకు "ఏమైంది?" అంటాడు. మీకు తప్పు చేసినట్టు అనిపిస్తుంది, ఇంకోసారి ‘చూస్తాను’ అంటారు. 340 ఇష్యూల్లో ఇలాంటివి 150 ఉన్నా, మీరు 150 మందికి బాకీ పడ్డట్టు తిరుగుతున్నారు. దడ రాక ఏమవుతుంది?

నాకు ఈ సంగతి నేర్పింది ఒక వాడుకరి రాసిన ఉత్తరం. తన దగ్గరున్న పాత టేప్ డ్రైవ్‌కు సపోర్ట్ అడిగాడు. వచ్చే రిలీజ్‌లో పెట్టే ప్రయత్నం చేస్తానన్నాను. నా దగ్గర ఆ డ్రైవ్ లేదు, కొనే ఉద్దేశమూ లేదు, అయినా అన్నాను. ఎనిమిది నెలల తర్వాత అతను చాలా మర్యాదగా ఇలా రాశాడు: మీరు ఆ రోజే కాదని ఉంటే నేను వేరే టూల్‌కు మారేవాణ్ణి, మీ మాట నమ్మి మా సంస్థలో ఆ పని ఆపి ఉంచాను, ఇప్పుడు ఆ నింద నా మీద పడింది. తిట్టినవాళ్లెవరూ నన్ను అంత బాధపెట్టలేదు. అతన్ని నొప్పించకూడదని నేనన్న మాటే అతనికి ఎనిమిది నెలల నష్టం చేసింది.

ఆ తర్వాత నా జవాబులు మారాయి. "ఇది నేను చేయను. నా దగ్గర ఆ హార్డ్‌వేర్ లేదు, పరీక్షించలేనిదాన్ని బ్యాకప్ టూల్‌లో పెట్టలేను. మీకు అత్యవసరమైతే వేరే టూల్ చూసుకోవడం మంచిది." కారణం ఒక్క వాక్యం, దారి ఒక్క వాక్యం. ఆశ్చర్యంగా, ఇలా రాసినందుకు వచ్చిన కోపాలు చాలా తక్కువ. ఎక్కువమంది "చెప్పినందుకు థాంక్స్" అని వెళ్లిపోయారు. ‘కాదు’ అని చెప్పడం ఈ పనిలో నిర్దయ కాదు. వాళ్ల సమయానికి మీరిచ్చే విలువ అది.

"మీరే చేసి పుల్ రిక్వెస్ట్ (కోడ్ మార్పును తీసుకోమనే విన్నపం) పంపండి" అనేది కూడా ఆలోచించి అనండి. పంపినవాళ్లు పంపి వెళ్లిపోతారు, ఆ కోడ్ మీ ఇంట్లో ఉండిపోతుంది. రెండేళ్ల తర్వాత అందులో బగ్ వస్తే అడిగేది మిమ్మల్నే. తీసుకునే ఉద్దేశం లేకపోతే, వాళ్లు నాలుగు రాత్రులు కష్టపడకముందే చెప్పండి.

లైసెన్స్ గురించి మీరు అడగలేదు కానీ చెప్పాల్సిందే. మీరు వాడింది ఎంఐటీ లైసెన్స్. దాన్లో పెద్ద అక్షరాల్లో ఉన్నది ఒక్కటే: ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, ఎలాంటి హామీ లేదు. జీపీఎల్ అనే ఇంకో లైసెన్స్‌లోనూ ఇదే మాట ఉంటుంది. అంటే చట్టపరంగా మీరు ఎవరికీ సపోర్ట్ బాకీ లేరు. అయితే, ఇబ్బందుల్లో ఉన్న మనిషి ముందు ఆ కాగితం పెట్టి మాట్లాడకండి, గాయం మీద కారం చల్లినట్టుంటుంది. దాని సారాన్ని, ప్రాజెక్టు పేజీలో మొదట కనిపించే రీడ్‌మీ ఫైల్ పైభాగంలో మామూలు మాటల్లో రాయండి. నాది ఇలా ఉంటుంది: "ఈ టూల్‌ను ఒక్కడినే ఖాళీ సమయంలో నడుపుతున్నాను. డేటా పోయే బగ్‌లు, సెక్యూరిటీ లోపాలు ముందుగా సరిచేస్తాను. మిగతావాటికి గడువు చెప్పలేను. ఇన్‌స్టాలేషన్‌లో, మీ నెట్‌వర్క్ సెటప్‌లో ఒక్కొక్కరికీ విడిగా సాయం చేయలేను." ఈ నాలుగు వాక్యాలు పెట్టాక నాకు మనసు కుదుటపడింది. ఎవరైనా ఎక్కువ అడిగితే నేను కొత్తగా కాదనక్కర్లేదు, ముందే చెప్పిన మాట చూపిస్తే చాలు.

కంపెనీల నుంచి వచ్చే ఒత్తిడి ఇంకో రకం. 2021 డిసెంబరులో, చాలా సాఫ్ట్‌వేర్లలో వాడే లాగ్4జే అనే లైబ్రరీలో పెద్ద లోపం బయటపడింది. తర్వాతి నెల ఒక పెద్ద సంస్థ స్టెన్‌బర్గ్‌కు ప్రశ్నల జాబితా పంపి 24 గంటల్లో జవాబివ్వమంది. కర్ల్ సీ భాషలో రాసింది, లాగ్4జే జావాది, రెంటికీ సంబంధమే లేదు. సపోర్ట్ ఒప్పందం చేసుకుంటే సంతోషంగా జవాబిస్తానని ఆయన రాశారు. ఇది గుర్తుపెట్టుకోండి. మీ ఖాళీ సమయం మీద గడువు పెట్టే సంస్థకు సరైన జవాబు అదే, అందులో దురాశ ఏమీ లేదు. 2014లో, ఇంటర్నెట్‌లో వెళ్లే డేటాను రహస్యంగా ఉంచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు, ఇంటర్నెట్‌లో అంత భాగం ఆధారపడ్డ ఆ ప్రాజెక్టుకు ఏడాదికి వస్తున్న విరాళాలు సుమారు 2,000 డాలర్లేనని తెలిసింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. డబ్బులుండి వాడుకునే సంస్థలను అడగడానికి మీరు సిగ్గుపడకండి.

ఈ అపరాధభావం మీ ఒక్కరి సమస్య అనుకోకండి. దాన్ని ఆయుధంగా వాడుకున్నవాళ్లున్నారు. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌ను చాలా ఏళ్లు ఒక్క మనిషే నడిపాడు. 2022లో మెయిలింగ్ లిస్టులో కొందరు ఆయన వెంటపడ్డారు: ప్యాచ్‌లు (పంపిన కోడ్ మార్పులు) ఎందుకు చూడడం లేదు, ఆసక్తి లేకపోతే ఇంకొకరికి అప్పగించండి అని. తన మానసిక ఆరోగ్యం చాలాకాలంగా బాగోలేదని, ఇది జీతం లేని హాబీ పని అని గుర్తుంచుకోమని ఆయన జవాబు రాశాడు. అప్పటికే ఒక కొత్త ఖాతా ఓపికగా, మర్యాదగా ప్యాచ్‌లు పంపుతోంది. మెల్లగా ఆ ఖాతాకు మెయింటైనర్ అధికారాలు వచ్చాయి. 2024 ఫిబ్రవరి, మార్చిల్లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో రహస్య ద్వారం పెట్టింది ఆ ఖాతా నుంచే. ఆండ్రెస్ ఫ్రాయింద్ అనే ఇంజనీరు, దూరంలోని కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వుతూ పోవడం వల్ల మార్చి 29న అది బయటపడింది. వెంటపడ్డ పేర్లు తర్వాత ఎక్కడా కనబడలేదు. అవి దీనికోసమే పుట్టించిన ఖాతాలని దీన్ని పరిశీలించిన చాలామంది అభిప్రాయం.

ఆ ఉత్తరాలు చదివినప్పుడు నాకు చాలాసేపు మనసు మనసులో లేదు. నాకు అలాంటివి ఎన్ని వచ్చాయో, ఎన్నిసార్లు "ఎవరైనా తీసుకుంటే ఇచ్చేద్దాం" అనుకున్నానో గుర్తొచ్చింది. కాబట్టి ఒక మాట గట్టిగా చెప్తాను. బాగా అలిసిపోయిన రోజున రిపో (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) అధికారాలు ఎవరికీ ఇవ్వకండి. తొందరపెట్టేవాళ్లకు అసలు ఇవ్వకండి. సాయం కావాలంటే ముందు ఇష్యూలకు లేబుళ్లు పెట్టే పని అప్పగించండి, డాక్యుమెంటేషన్ అప్పగించండి. రిలీజ్ చేసే తాళం మాత్రం చివరగా.

ఇంతవరకూ వాడుకరుల వల్ల మనకొచ్చే కష్టం చెప్పాను. నా వల్ల ఒకరికి జరిగింది కూడా చెప్పకపోతే న్యాయం కాదు. ఏడో ఏట అనుకుంటా, కొత్తగా నేర్చుకుంటున్న ఒకమ్మాయి, నెలవారీ బ్యాకప్ ఒకటి రాలేదని రాసింది. వెర్షన్ నంబరు లేదు, లాగ్ లేదు. ఆ వారం అలాంటివి ఆరోది. "డాక్యుమెంటేషన్ చదివి రండి" అని ఒక్క ముక్క రాసి ఇష్యూ మూసేశాను. రెండు వారాల తర్వాత ఇంకొకరు అదే సమస్య వివరంగా రాశారు. తారీఖుల లెక్కలో నా తప్పు, 31వ తేదీకి పెట్టిన షెడ్యూల్ 30 రోజుల నెలల్లో నడవడమే లేదు. ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. క్షమాపణ రాశాను. ఆమె మళ్లీ రాలేదు. ఆ రెండు వారాల్లో ఇంకెందరికి బ్యాకప్ లేకుండా పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. అలసట మీద రాసే జవాబు కంటే మౌనమే నయమని అప్పుడు తెలుసుకున్నాను.

ఆ రోజే ఇష్యూ టెంప్లేట్, అంటే ఇష్యూ రాసేవాళ్లు నింపాల్సిన నమూనా, పెట్టాను. ఈ సౌకర్యం కూడా ఊరికే రాలేదు. 2016 జనవరిలో చాలామంది మెయింటైనర్లు కలిసి గిట్‌హబ్‌కు బహిరంగ లేఖ రాశారు, అవసరమైన వివరాలు లేకుండా ఇష్యూలు వస్తున్నాయని, ‘ప్లస్ వన్’ (నాకూ ఇదే అనే) కామెంట్లతో మెయిల్ పెట్టెలు నిండిపోతున్నాయని. కొన్ని వారాలకే టెంప్లేట్లు, రియాక్షన్లు వచ్చాయి. నా టెంప్లేట్‌లో నాలుగే ప్రశ్నలు: వెర్షన్, ఇచ్చిన కమాండ్, జరగాల్సింది ఏమిటి, జరిగింది ఏమిటి. పది ప్రశ్నలు పెట్టి చూశాను, అప్పుడు జనం నోటికొచ్చింది నింపారు. నాలుగో ప్రశ్న కింద "ఎర్రర్ మెసేజ్‌ను ఫొటో కాకుండా టెక్స్ట్‌గా పెట్టండి" అని ఒక వాక్యం, ఆ మెసేజ్ ఎక్కడ దొరుకుతుందో ఇంకో వాక్యం. ఇటీవల ఏఐతో రాయించిన రిపోర్టులు కూడా వస్తున్నాయి. చూడ్డానికి పొందికగా, పొడుగ్గా ఉంటాయి, లేని ఫంక్షన్ పేర్లు చెబుతాయి. అలాంటిదనిపిస్తే, వాళ్ల దగ్గర నడిపినప్పుడు వచ్చిన అవుట్‌పుట్ పెట్టమని అడగండి. పెట్టకపోతే మూసేయండి, దాని మీద సాయంత్రం పోగొట్టుకోకండి.

340 ఇష్యూలను మొదటి నుంచి వరుసగా చదవడం మొదలుపెట్టకండి. ముప్పయ్యో దాని దగ్గర ఆగిపోతారు. ఏడాది దాటినవి, డేటా పోవడానికి సంబంధం లేనివి ఏరి, "ఇన్నాళ్లూ జవాబివ్వలేకపోయాను, క్షమించండి. ఇది నేను చేయలేను, అందుకే మూసేస్తున్నాను. కొత్త వెర్షన్‌లోనూ సమస్య ఉంటే కొత్త ఇష్యూ తెరవండి" అని రాసి మూసేయండి. దీన్ని దానంతటదే నడిచే బాట్‌కు అప్పగించకండి. నేను ఒకప్పుడు అప్పగించాను. ఎంతో శ్రద్ధగా వివరాలిచ్చిన ఒక పెద్దాయన రిపోర్టును అది మూడుసార్లు మూసేసింది, ఆయన మూడుసార్లూ మళ్లీ పెట్టారు, నాలుగోసారి పెట్టలేదు. ఫోన్‌లో నోటిఫికేషన్లు ఇవాళే తీసేయండి. వారానికి ఒక పూట సపోర్ట్‌కు, ఒక పూట కోడ్‌కు పెట్టుకోండి, రెండూ కలపకండి. సెక్యూరిటీ లోపాలు చెప్పడానికి మాత్రం విడిగా, బహిరంగం కాని దారి ఒకటి ఉంచండి.

వదిలేస్తే తప్పా అన్నారు. తప్పు లేదు. ఇక నడపడం లేదని రీడ్‌మీలో రాసి, రిపోను ఆర్కైవ్ చేస్తే అది చదవడానికి మాత్రమే మిగులుతుంది. కావలసినవాళ్లు ఫోర్క్ చేసుకుంటారు, అంటే కాపీ తీసుకుని సొంతంగా నడుపుకుంటారు. తప్పయ్యేవి రెండే. ఒకటి, అలసటలో ఎవరో తెలియనివాళ్లకు అప్పగించడం. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్యాకేజీ అలాగే చేతులు మారింది, కొత్తగా వచ్చినవాళ్లు బిట్‌కాయిన్ దొంగిలించే కోడ్‌ను అందులోకి తెచ్చారు. రెండోది, కోపంలో మన కోడ్‌ను మనమే పాడుచేయడం. 2022 జనవరిలో కలర్స్, ఫేకర్ ప్యాకేజీలకు వాటి రచయితే ఆ పని చేశాడు. ఆయన కోపానికి కారణాలు నాకు అర్థమవుతాయి, కానీ ఆ దెబ్బ తగిలింది ఆయనకు అన్యాయం చేసినవాళ్లకు మాత్రమే కాదు.

అయితే వదిలినా, నడిపినా, మాయమవుతున్న ఆ వరుసల సంగతి ముందు తేల్చండి. మీ 340లో నిజంగా మీ బాధ్యత అనదగ్గది నాకు కనిపించింది అదొక్కటే, ఎందుకంటే వాళ్లకు తెలియకుండానే డేటా పోతోంది. లక్ష వరుసల ఫైల్ ఒకటి తయారుచేసి, లోపలికి వెళ్లినవెన్ని, బయటికి వచ్చినవెన్ని లెక్కపెట్టండి. చివరివే పోతున్నాయంటే, ఫైల్ మూసేముందు బఫర్‌లో (డిస్క్‌కు వెళ్లేముందు డేటా ఆగే చోటు) మిగిలింది డిస్క్‌కు రాస్తోందా లేదా అన్నది మొదట చూడండి, చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. ఆ ఇద్దరికీ ఈ రాత్రే రాయండి, ఇది బగ్ కావచ్చు, తేలేదాకా పెద్ద ఫైళ్లకు ఈ టూల్ వాడకండి, మార్చిన ఫైళ్లలో వరుసలు సరిపోయాయో లేదో చూసుకోండి అని. రీడ్‌మీ పైన కూడా ఆ హెచ్చరిక పెట్టండి. పరీక్ష ఫలితం తెలిశాక ఇక్కడే రాస్తే, కోడ్ నేనూ చదువుతాను. ఈ శనివారం ఉదయం దానికోసం ఖాళీగా పెట్టుకుంటున్నాను.